పాత వీడియో టేపును డెక్కులో పెట్టే ముందు

హనుమకొండ, కాజీపేట ప్రాంతాల్లో ఒకప్పటి వీడియో స్టూడియోలు మూతపడినప్పుడు, వాటి సజ్జల మీది నుంచి యూమాటిక్, బీటాకామ్, డీవీక్యామ్ క్యాసెట్లు అట్టపెట్టెల నిండా దిగుతుంటాయి. మేడారం జాతర, వేయి స్తంభాల గుడి దగ్గరి బతుకమ్మ, ఒగ్గు కథ, ఎవరి ఇంటి పెళ్లో, ఇలా మరో ప్రతి లేని దృశ్యాలు వాటిలో ఉండవచ్చు. పెట్టె తెరవగానే ఏదో ఒక డెక్కులో, అంటే టేపును ఆడించే యంత్రంలో పెట్టి, ఆడుతున్నదో లేదో చూద్దామని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేయవద్దని నా విన్నపం. పాత టేపు మంచి బొమ్మను ఒక్కసారే ఇవ్వగలిగే స్థితిలో ఉండవచ్చు. ఆ ఒక్కసారి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడే రావాలి.

టేపు అంటే పలుచని పాలియెస్టర్ పట్టీ. దాని మీద అయస్కాంత రేణువులను పట్టి ఉంచేది పాలీయురథేన్ జిగురు. ఆ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని క్రమంగా విచ్ఛిన్నమవుతుంది, ఎండ వేడికి ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీల దాకా కాగి, ఆ వెంటనే వానకాలపు చెమ్మలో నానే మన ఊళ్లలో, రేకుల కింద దాచిన టేపు ఎంత నలిగి ఉంటుందో ఊహించవచ్చు. మంచి నిల్వలో ఉన్న టేపు ఆయుష్షును సాధారణంగా 10 నుంచి 30 ఏళ్లుగా చెబుతారు. యూమాటిక్ 1971లో, బీటాకామ్ 1982లో, దాని మెరుగైన రూపమైన బీటాకామ్ ఎస్పీ 1986లో వచ్చాయి కనుక, ఈ క్యాసెట్లలో చాలావాటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. పైగా బీటాకామ్ వంటి అరంగుళం వెడల్పు టేపును ఆడించే డెక్కుల అమ్మకాలను సోనీ 2016లో ఆపివేసింది. టేపుతో పాటు దాన్ని ఆడించే యంత్రం కూడా కరువవుతున్నది.

మొదట క్యాసెట్టును టార్చి వెలుతురులో పరీక్షించాలి. క్యాసెట్టు మీది చిన్న కిటికీలోంచి కనిపించే టేపు చుట్ట అంచు అద్దంలా నునుపుగా ఉంటే మంచి లక్షణం. చుట్టలో మెట్లు మెట్లుగా పొరలు పొడుచుకు వచ్చినా, అంచు మీద సాలెగూడు పోగుల వంటి తెల్లని బూజు కనిపించినా దాన్ని వెంటనే విడిగా ఉంచాలి. బూజు పట్టిన ఒక్క టేపును ఆడిస్తే డెక్కులోకి చేరిన ఆ బూజు తరువాతి టేపులన్నింటికీ అంటుకుంటుంది. ముక్కుకు మాస్కు లేకుండా దాన్ని తెరవకూడదు.

పొరపాటున మీద మరొకటి రికార్డు కాకుండా రక్షణ ఏర్పాటును కూడా అప్పుడే చూసుకోవాలి. యూమాటిక్ క్యాసెట్టు అడుగున ఉండే ఎర్రటి బిళ్లను తీసివేయాలి. చిన్న డిజిటల్ క్యాసెట్టైన మినీడీవీలో చిన్న మీటను జరపాలి.

తరువాత డెక్కు సంగతి. బీటాకామ్ ఎస్పీ మెటల్ టేపుకు ఎస్పీ డెక్కే కావాలి. యూమాటిక్‌లో మెరుగైన రకమైన హైబ్యాండ్ టేపును పాత రకమైన లోబ్యాండ్ డెక్కులో ఆడిస్తే రంగులు రావు. డెక్కు మూత తెరిచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని తోలు పుల్లను తిరిగే డ్రమ్ముకు ఆనించి పట్టుకొని, డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పుల్లను పైకీ కిందికీ రాస్తే, డ్రమ్ము అంచున ఉండి టేపును చదివే సున్నితమైన హెడ్డు విరగవచ్చు. దూది వాడితే పోగులు హెడ్డుకు చిక్కుకుంటాయి. శుభ్రం చేశాక విలువలేని టేపునొకదాన్ని ఆడించి చూసి, అప్పుడే అసలు టేపును పెట్టాలి.

ఒకసారి నేను ఈ క్రమం పాటించక, ఒగ్గు కథ చిత్రించిన టేపును ఊరికే చూద్దామని ఆడించాను. రెండు నిమిషాల్లో సన్నని కీచుమన్న చప్పుడు వచ్చింది, తెర మీద బొమ్మ చెదిరిపోయింది. మూత తీసి చూస్తే, టేపును నడిపే స్తంభాల మీద గోధుమరంగు ముద్ద పేరుకొని ఉంది. ఆ ముద్దలోనే కథకుడి గొంతు, డోలు దరువు పోయాయి. కీచు వినగానే ఆపితే మిగతాదైనా దక్కుతుంది. ఇలా జిగట పట్టిన టేపును ప్రయోగశాల ఇన్‌క్యుబేటరులో సుమారు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టే పద్ధతి ఉన్నది, కాని ఆ ఫలితం కొన్ని వారాలే నిలుస్తుంది, లోహాన్ని ఆవిరి చేసి పూతగా పట్టించిన (మెటల్ ఎవాపరేటెడ్) డీవీ టేపులకు అది తగదు. తెలిసిన నిపుణుల చేతనే చేయించాలి. ఎండలోనో వంటింటి ఓవెన్‌లోనో పెట్టడం టేపును చేజేతులా పాడుచేయడమే.

జిగట లేని టేపునైతే ఒకసారి ఆడించకుండానే చివరిదాకా పోనిచ్చి, వెనక్కి చుట్టి, బిగువు సమం చేసి ఆడించాలి. పాజ్ మీద ఆపి ఉంచకూడదు. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో బీటాకామ్, వీహెచ్ఎస్ డ్రమ్ములు సెకనుకు 25 సార్లు తిరుగుతూ, టేపు ఆగిన చోటనే రాపిడి పెడుతూ ఉంటాయి.

బీటాకామ్ ఎస్పీకి వెలుగునూ రంగులనూ విడివిడిగా పంపే కాంపొనెంటు కేబుళ్లు, ఎస్-వీహెచ్ఎస్‌కు ఎస్-వీడియో కేబులు వాడి, మధ్యలో సంకేతపు సమయాన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టరు పెడితే వణుకు తగ్గుతుంది. 720×576 పరిమాణంలో, 25 ఫ్రేములతో, 10 బిట్ల నాణ్యతతో, కుదించకుండా తీసుకుంటే గంటకు దాదాపు 100 జీబీ అవుతుంది. స్థలం తక్కువైతే ఎఫ్ఎఫ్వీ1 అనే కుదింపు పద్ధతిని వాడవచ్చు, నాణ్యత ఏమాత్రం పోదు. డీవీ టేపునైతే ఫైర్‌వైరు అనే డిజిటల్ కేబులు ద్వారా ఉన్నదున్నట్టే దింపాలి, గంటకు 13 జీబీ సరిపోతుంది. కదిలే బొమ్మల అంచుల్లో దువ్వెన పళ్లలా కనిపించే అల్లిక గీతలను (ఇంటర్‌లేస్) తొలగించే పని అసలు ప్రతి మీద చేయవద్దు. చూడటానికి వేరే ప్రతి చేసుకోండి.

ఫైలు మొదటి నుంచి చివరిదాకా కళ్లారా చూసి, వేర్వేరు చోట్ల మూడు ప్రతులు దాచిన తరువాత కూడా అసలు టేపును పారవేయకండి. వెనక్కి చుట్టి, పెట్టెలో నిలువుగా, సిలికా జెల్ పొట్లంతో, ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండే గదిలో ఉంచి, పెట్టె మీద తేదీ, విషయం, ఫైలు పేరు రాసి పెట్టండి.