టీచర్‌కి ఏం గిఫ్ట్ ఇవ్వాలా అని ఆలోచిస్తున్నారా? షాపుకెళ్ళే ముందు ఒక్కసారి ఇది చదవండి

నేను పదకొండేళ్ళు ప్రైమరీ క్లాసులకి పాఠాలు చెప్పాను, ఇప్పుడు నా పిల్లలిద్దరూ వేరే టీచర్ల దగ్గర చదువుకుంటున్నారు, అంటే గిఫ్టులు తీసుకునే వైపూ ఉన్నాను, ఇచ్చే వైపూ ఉన్నాను. తెలిసినవాళ్ళు ఏటా అడిగేది ఒకటే, టీచర్‌కి ఏదైనా ఇవ్వాలని ఉంది ఏమిస్తే బాగుంటుంది అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒక చోట రాసేద్దామని కూర్చున్నా.

అసలు విషయం ముందే చెప్పేస్తా. టీచర్‌కి కావాల్సింది వస్తువు కాదండి, తను చేసిన ఏ పని మీ పిల్లల్లో పనిచేసిందో తెలియడం. రోజంతా క్లాసులో ఎన్నో చేస్తాం, అందులో ఏది పిల్లల మనసులో దిగిందో మాకు ఎవ్వరూ చెప్పరు, మార్కులు చూస్తే అది తెలీదు. ఆ ఒక్క ముక్క మీ గిఫ్టులో ఉంటే చాలు, మిగతాది చిన్నదైనా పర్లేదు.

అందుకని డబ్బులు తియ్యకముందు ఒక పది నిమిషాలు మీ బాబుతోనో పాపతోనో కూర్చోండి. "మీ టీచర్ మంచివారా" అని అడిగితే "ఊ" అని ఆటకి పోతారు. అలా కాకుండా, పోయిన సంవత్సరం నీకు రానిది ఇప్పుడు ఏం వచ్చింది, క్లాసులో ఎప్పుడైనా ఏడుపొస్తే టీచర్ ఏం చేశారు, టీచర్ ఊరికే అంటూ ఉండే మాట ఏంటి, ఇలా అడగండి. మావాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత షూ లేసు లాక్కుంటూ "నేను చదివేటప్పుడు ఆగిపోతే టీచర్ వెంటనే చెప్పెయ్యరమ్మా, ఆగుతారు, నేనే చదివేదాకా" అన్నాడు. నాకు ఒళ్ళు జల్లుమంది, ఎందుకంటే అలా ఆగడం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్ళకే తెలుసు. 1970ల్లో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు క్లాసురూముల్లో రికార్డింగులు విని తేల్చింది ఏంటంటే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున 1 సెకను మాత్రమే ఆగుతున్నారు, అదే 3 సెకన్లు ఆగితే పిల్లలు ఇంకా పెద్ద జవాబులు ఇస్తున్నారు, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడుతున్నారు. మావాడికి ఈ సంగతులేవీ తెలీవు, కానీ వాళ్ళ టీచర్ ఏం చేస్తున్నారో సరిగ్గా చూశాడు. ఆ సంవత్సరం వాళ్ళ టీచర్‌కి ఇచ్చిన కార్డులో వాడన్న ఆ మాటే రాశాం, వాడి మాటల్లోనే.

కాబట్టి మొదటి గిఫ్ట్, నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద గిఫ్ట్, ఉత్తరం. ఉత్తరం అనగానే పెద్దగా భయపడక్కర్లేదు, ఐదారు లైన్లు చాలు. జరిగిన ఒక సంగతి రాయండి, దానివల్ల ఏం మారిందో రాయండి, థాంక్స్ చెప్పండి, అంతే. "మీరు చాలా గొప్ప టీచర్" అని రాస్తే అది ఏ టీచర్‌కైనా సరిపోతుంది, "భిన్నాలు రాక ఏడ్చేది, మీరు కాగితం మడిచి చూపించిన రోజు ఇంటికొచ్చి మాక్కూడా మడిచి చూపించింది" అని రాస్తే అది ఆ ఒక్క టీచర్‌కే. పిల్లలే రాస్తే అక్షర దోషాలు దిద్దకండి, దయచేసి. ఇంకా రాయడం రాని పిల్లలైతే వాళ్ళు చెప్పింది చెప్పినట్టు మీరు రాసి, పక్కన వాళ్ళని బొమ్మ వెయ్యమనండి. ఇంకో సంగతి, స్కెచ్ పెన్నుల రంగు వెలుతురు తగిలేకొద్దీ వెలిసిపోతుంది, అందుకని ముఖ్యమైన మాటలు పిగ్మెంట్ ఇంకు ఉన్న జెల్ పెన్నుతో రాయిస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. వెనక పూర్తి పేరు, క్లాసు, సెక్షను, సంవత్సరం తప్పకుండా రాయండి, వీలైతే చిన్న ఫోటో కూడా అంటించండి, పదేళ్ళు పోయాక ఉత్తరం గుర్తుంటుంది గానీ రాసిన మొహం గుర్తుపట్టడం కష్టం.

నా దగ్గర ఒక చెప్పుల డబ్బా ఉంది, పదకొండేళ్ళలో దాచుకున్నవి అన్నీ అందులోనే. నాలుగు మడతలు పెట్టిన ఒక నోటుబుక్కు కాగితం ఉంది, రెండో క్లాసు పాప రాసింది, ఒక మాట దగ్గర రబ్బరుతో ఎంత గట్టిగా చెరిపిందంటే చిల్లు పడింది, వెనక టేపు అంటించి మళ్ళీ అక్కడే రాసింది. ఉన్నది ఒక్క లైను, "మీరు నా పేరు మొత్తం పిలుస్తారు". ఆ పాప పేరు కాస్త పొడుగు, అందరూ సగానికి కోసి పిలిచేవాళ్ళు. నేను పూర్తి పేరుతో పిలవడం తనకి అంత పెద్ద విషయమని ఆ కాగితం చూసేదాకా నాకు తెలీదు. ఆ తర్వాత ప్రతి కొత్త క్లాసులో మొదటి వారం పేర్లు సరిగ్గా పలకడం మీదే పెట్టాను.

ఉత్తరం గురించి ఇంకొక్కటి. అదే ఉత్తరం కాపీ హెడ్‌మాస్టర్‌కో ప్రిన్సిపాల్‌కో కూడా పంపండి. టీచర్ మీద కంప్లైంట్ అయితే ఆఫీసు దాకా వెంటనే వెళ్తుంది, మంచిమాట వెళ్ళదు. నాకు అలాంటి ఉత్తరాలు వచ్చింది మొత్తం సర్వీసులో రెండే, ఒకటి హెడ్‌మాస్టర్ గారు పిలిచి నా చేతికిచ్చారు, స్టాఫ్‌రూమ్ మెట్ల మీదే నిలబడి రెండుసార్లు చదివాను. దీనికి పైసా ఖర్చు లేదు, ఉద్యోగంలో కూడా ఆ టీచర్‌కి పనికొస్తుంది.

క్లాసంతా కలిసి ఇవ్వాలంటే పుస్తకం చెయ్యండి. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే రెండు ఏ5 ముక్కలు వస్తాయి, 30 మంది పిల్లలుంటే 15 కాగితాలు చాలు, చెడిపోతాయి కాబట్టి ఇంకో నాలుగైదు ఎక్కువ పెట్టుకోండి. ఎడమ పక్కన 2 సెంటీమీటర్లు గీత గీసి వదిలెయ్యమని ముందే చెప్పాలి, లేకపోతే పంచింగ్ చేసేటప్పుడు సగం మందికి అక్షరాల మీదే చిల్లు పడుతుంది. అందరికీ ఒకే ప్రశ్న ఇవ్వండి, "ఈ క్లాసులో నేను ఎప్పటికీ మర్చిపోని రోజు" లాంటిది, ఊరికే ఏదో ఒకటి రాయమంటే ముప్పై పేజీల్లోనూ హ్యాపీ టీచర్స్ డే అనే ఉంటుంది. ఇవ్వాల్సిన రోజుకి పది రోజుల ముందే గడువు పెట్టండి, ఎందుకంటే నలుగురైదుగురు ఎప్పుడూ ఆలస్యమే, ఆరోజు బడికి రాని పిల్లలు కూడా ఉంటారు, ఒక్క పిల్లాడి పేజీ లేకపోయినా టీచర్‌కి ముందు అదే కనిపిస్తుంది. అట్ట వేసి, రెండు చిల్లులు చేసి, రిబ్బనుతో కట్టండి, స్పైరల్ బైండింగ్ కూడా బానే ఉంటుంది. ఇచ్చేముందు స్కానర్ సెట్టింగుల్లో 300 డీపీఐ (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే అంకె) పెట్టి స్కాన్ చేసి ఫైల్ దాచండి, నీళ్ళు పడినా పోయినా మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు.

వస్తువులే ఇవ్వాలంటే, క్లాసులో వాడుకునేవి ఇవ్వండి. చాలా చోట్ల టీచర్లు మార్కర్లు, చార్టులు, గమ్ము, స్టిక్కర్లు, పెన్సిళ్ళు సొంత డబ్బుతో కొంటారు, అది బయటికి కనిపించని ఖర్చు. అందుకే ఏం కావాలో నేరుగా అడిగెయ్యండి, అందులో తప్పేం లేదు, "క్లాసుకి ఏవైనా అయిపోయాయా మేడం" అంటే చెప్తారు. వైట్‌బోర్డ్ మార్కర్లు ఇస్తే మంచివి నాలుగు ఇవ్వండి, రెండు రోజులకే వెలిసేవి డజను వద్దు (మార్కర్లని నిలబెట్టకుండా పడుకోబెట్టి ఉంచితే ఇంకు రెండు వైపులా సమానంగా ఉంటుంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది). క్లాసు లైబ్రరీకి పుస్తకం ఇవ్వడం నాకు చాలా ఇష్టమైన ఐడియా, లోపలి అట్ట మీద "ఫలానా సంవత్సరం ఫలానా క్లాసు నుంచి" అని రాసి పిల్లాడి పేరు రాయించండి, మూడేళ్ళ తర్వాత వచ్చే పిల్లలు కూడా ఆ పేరు చదువుతారు.

గొంతు సంగతి మర్చిపోకండి. మిగతా ఉద్యోగాలతో పోలిస్తే టీచర్లలో గొంతు సమస్యలు ఎక్కువ, రోజూ గంటల తరబడి గట్టిగా మాట్లాడతాం కదా. అందుకే నీళ్ళు వేడిగా ఉంచే ఫ్లాస్కు మంచి గిఫ్ట్, కాకపోతే ఒంటి చేత్తో తెరుచుకునే మూత ఉండాలి, రెండో చేతిలో ఎప్పుడూ చాక్‌పీసో పుస్తకమో ఉంటుంది. మొక్క ఇవ్వాలనుకుంటే చిన్న పిల్లల క్లాసుకి మనీ ప్లాంట్ వద్దండి, ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది, స్పైడర్ ప్లాంట్‌తో ఆ భయం లేదు, నీళ్ళు పొయ్యడం రెండు రోజులు మర్చిపోయినా తట్టుకుంటుంది.

కప్పులు, సెంట్లు, వాసన కొవ్వొత్తులు, బట్టలు నేనైతే వద్దంటాను. కప్పులు ఇప్పటికే అల్మరా నిండా ఉంటాయి, వాసనలు కొందరికి పడవు తలనొప్పి వస్తుంది, తినేవి కూడా పడతాయో లేదో తెలుసుకోకుండా ఇవ్వకూడదు. క్యాష్ అసలు వద్దు. గిఫ్ట్ కార్డు లాంటిదైనా ఖరీదైన వస్తువైనా ముందు స్కూల్ ఆఫీసులో అడగండి, చాలా స్కూళ్ళలో టీచర్లు ఎంత విలువ దాకా తీసుకోవచ్చో రూల్ ఉంటుంది, తెలీక ఇస్తే పాపం వాళ్ళు తిరిగి ఇవ్వలేక ఉంచుకోలేక ఇబ్బంది పడతారు, పైగా ఇవ్వలేని ఇంటి పిల్లలు అదంతా చూస్తుంటారు.

తల్లిదండ్రులు కలిసి డబ్బులు వేసుకునేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. తలా ఇంత అని పెట్టకండి, ఎవరికి కుదిరినంత వాళ్ళు వేస్తారు, కుదరకపోతే లేదు, ఎవరెంత వేశారో గ్రూపులో లిస్టు పెట్టడం మాత్రం అస్సలు వద్దు. కార్డు మీద అందరు పిల్లల పేర్లూ ఉండాలి, డబ్బులు వెయ్యని వాళ్ళవి కూడా. ఒకసారి నాకొచ్చిన కార్డులో ఇరవై ఆరు పేర్లే ఉన్నాయి, క్లాసులో ఇరవై తొమ్మిది మంది. ఆ ముగ్గురూ ఎవరో నాకు తెలుసు, కార్డు నేను తెరుస్తున్నంతసేపూ వాళ్ళు బెంచీ కిందకి చూస్తూ కూర్చున్నారు, ఆ గిఫ్ట్ ఏంటో నాకిప్పుడు గుర్తు లేదు కానీ అది మాత్రం గుర్తుంది.

క్లాస్ టీచర్‌తో ఆగిపోకండి, పీఈటీ సార్, డ్రాయింగ్ టీచర్, లైబ్రరీ మేడం, నెల రోజులు వేరే వాళ్ళ బదులు వచ్చి చెప్పిన టీచర్, వీళ్ళని దాదాపు ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఒక్కో కార్డు చాలు.

ఎప్పుడివ్వాలి అంటే, టీచర్స్ డే ఒక్కో దేశంలో ఒక్కో రోజు, ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం అయితే అక్టోబర్ 5, 1966లో అదే తేదీన టీచర్ల హక్కులు, బాధ్యతల మీద యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి చేసిన సిఫార్సు ఆమోదం పొందింది, దాని గుర్తుగా 1994 నుంచి జరుపుతున్నారు. ఆరోజు ఇవ్వండి బానే ఉంటుంది, కానీ నన్నడిగితే ఏ పండగా లేని రోజు, విద్యా సంవత్సరం సగం అయిపోయి పేపర్లు కుప్పలుగా దిద్దుతున్నప్పుడు వచ్చే కార్డుకి బలం ఎక్కువ. పిల్లలతోనే ఇప్పించండి, అందరి ముందూ విప్పమని అడగకండి, ఫోటోలు తీస్తే టీచర్‌ని అడక్కుండా ఎక్కడా పోస్ట్ చెయ్యకండి.

చివరగా, మీ పిల్లల టీచర్లే కాదు మీ టీచర్లు కూడా ఉన్నారు కదా. ఫ్రెంచ్ రచయిత అల్బేర్ కామూకి 1957లో సాహిత్యంలో నోబెల్ వచ్చినప్పుడు అమ్మ తర్వాత మొదట గుర్తొచ్చింది చిన్నప్పుడు చదువు చెప్పిన లూయీ జెర్మేన్ మాస్టారేనట, ఆ నవంబర్లోనే ఆయనకి ఉత్తరం రాశాడు, పేద పిల్లాడైన నాకు మీరు చెయ్యి అందించకపోతే ఇదేదీ జరిగేది కాదు అని. మనకి నోబెల్ రావక్కర్లేదు ఉత్తరం రాయడానికి. మీ టీచర్ అడ్రసు తెలీకపోతే పాత స్కూల్ ఆఫీసుకి పంపి, వాళ్ళకి అందించమని అడగండి. మీరు ఏ సంవత్సరం, ఏ క్లాసు, ఎక్కడ కూర్చునేవాళ్ళో రాయండి, కింద ఫోన్ నంబర్ పెట్టండి. నేను మా లెక్కల మాస్టారికి అలాగే రాశాను, బడి వదిలిన పంతొమ్మిదేళ్ళకి. వారం తర్వాత ఒక సాయంత్రం ఏదో తెలీని నంబర్ నుంచి ఫోనొచ్చింది, ఎత్తి హలో అన్నాను, అవతల నుంచి ఆయన నా పేరు కూడా అనలేదు, "ఇరవై ఏడు?" అన్నారు, అది నా రోల్ నంబర్.