అటక దిగిన పాటల పుస్తకాలు, సినిమా పత్రికలు: ఏం చేయాలి, ఏం చేయకూడదు

ఇంటికి సున్నాలు వేయించేటప్పుడో, ఊళ్ళో పాత ఇల్లు అమ్మేటప్పుడో అటక మీంచి ఒక గోనెసంచి దిగుతుంది. అందులో ‘విజయచిత్ర’ సినిమా పత్రికలు, ఆకాశవాణి కార్యక్రమాల పత్రిక ‘వాణి’, సినిమా హాల్లో కొన్న పాటల పుస్తకాలు, అడుగున ఒకటో రెండో గ్రామఫోను కేటలాగులు ఉంటాయి. అందరూ మొదట వాటిని డాబా మీద ఎండలో పరుస్తారు. ఆ తర్వాత పాత పేపర్లవాణ్ణి పిలుస్తారు. మొదటిది కాగితానికి చేటు, రెండోది మొత్తం కట్టకే చేటు.

పాత పత్రికల్లో ఎక్కువ భాగం న్యూస్‌ప్రింటు. కలపను నలగ్గొట్టి చేసిన గుజ్జు కాబట్టి కలపలోని లిగ్నిన్ అనే పదార్థం అందులో అలాగే ఉండిపోతుంది. ఎండ తగిలితే అది పసుపు తిరిగి, కాగితం అప్పడంలా పెళుసవుతుంది. ఒక్క మధ్యాహ్నం ఎండ చేసే నష్టం బీరువాలో ఏళ్ళ తరబడి ఉన్నా జరగదు. నీడపట్టున, ఉతికిన దుప్పటి మీద, ఒకదాని మీద ఒకటి పెట్టకుండా రెండు మూడు రోజులు ఉంచండి. గదిలో ఫ్యాను తిరగనివ్వండి గానీ దాని కిందే పరచకండి.

ఆ రెండు రోజుల్లోనే మూడు కుప్పలు చేయండి: పొడిగా ఉన్నవి, బూజు పట్టినవి, పురుగు ఉన్నవి. బూజు కుప్పను వేరే గదిలోకి మార్చండి. పూర్తిగా ఆరాక, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, ఆరుబయట అంగుళం వెడల్పున్న మెత్తని పెయింటు బ్రష్షుతో వెన్ను వైపు నుంచి బయటి అంచు వైపు దులపండి. తడి మీద దులిపితే బూజు కాగితం లోపలికి రాసుకుపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే అచ్చు సిరా కూడా వచ్చేస్తుంది.

పురుగు పట్టినవాటికి ఇంట్లో చేయగలిగిన మంచి వైద్యం డీప్ ఫ్రీజరు. జిప్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా వదిలేయాలి. ముందే విప్పితే చల్లని కాగితం మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. ఫ్రిజ్ పైఅరలో ఉండే చిన్న ఫ్రీజరులో అంత చలి నిలకడగా ఉండకపోవచ్చు, థర్మామీటరు పెట్టి చూసుకోండి.

తడిసిన ఆర్టు పేపరు మాత్రం వేరే కథ. నడిమి రంగుల పేజీలకు వాడే ఆ నున్నటి కాగితం మీద పూత ఉంటుంది. తడిసి అలాగే ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని పలకలా గట్టిపడతాయి, ఇక ఊడవు. తడిగా ఉండగానే పేజీ పేజీకి మధ్య బటర్ పేపరు పెట్టాలి. వెంటనే ఆ పని చేసే తీరిక లేకపోతే కవర్లో పెట్టి ఫ్రీజరులో పడేయండి, కుదిరినప్పుడు తీసి చేసుకోవచ్చు.

ఇక తేదీల సంగతి. పాటల పుస్తకం మీద తేదీ దాదాపు ఉండదు. ధర ఉంటుంది, చిరునామా ఉంటుంది. అవి చాలు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది, లేదా మార్పు జరిగిన కొద్దికాలానిది. ‘న.పై.’ (నయా పైసలు) అని ఉంటే 1957కూ 1964 మధ్యకూ నడుమది. 1964 జూన్‌లో ‘నయా’ పోయి ఉత్త పైసలు మిగిలాయి. చిరునామాలో ‘మద్రాసు-17’ అని ఊరుకుంటే 1972 ఆగస్టు 15కు ముందుది కావచ్చు, ఆరంకెల పిన్‌కోడు ఉంటే తప్పకుండా ఆ తర్వాతిదే. ‘చెన్నై’ అని ఉంటే 1996 తర్వాతిది అనుకోవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ధర చెప్పేది ఆ ప్రతి అచ్చయిన కాలం, సినిమా విడుదలైన కాలం కాదు. పాత సినిమా మళ్ళీ ఆడినప్పుడు అదే పుస్తకాన్ని కొత్త ధరతో మళ్ళీ వేసేవారు. 1951 నాటి సినిమా పుస్తకం మీద పైసల్లో ధర కనిపిస్తే అది మలి అచ్చు. జాబితాలో రెండు సంవత్సరాలూ వేర్వేరుగా రాయండి.

పత్రికలకైతే సంపుటి, సంచిక సంఖ్యలుంటాయి. అట్ట చిరిగిపోయినా లోపలి పేజీ అడుగున అవి దొరకవచ్చు. ఏటా మార్చి మొదట్లో వచ్చే సంచికలో ‘ఫారం 4’ కోసం వెతకండి. ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, యజమాని ఎవరో అందులో ప్రకటించాలని 1956 నాటి నిబంధన. పత్రిక ఎప్పుడు చేతులు మారిందో చెప్పే రుజువు అదే.

పేజీలు తక్కువయ్యాయో లేదో తేల్చడానికి చిన్న లెక్క ఉంది. మధ్యలో పిన్ను కొట్టిన 48 పేజీల సంచికలో ఒకే కాగితం మీద ఎదురెదురుగా పడే పేజీల మొత్తం ఎప్పుడూ 49. ఒకటికి జత 48, రెండుకు 47, పదకొండుకు 38. కాబట్టి 11-12 పేజీలున్న ఆకు చింపేస్తే 37-38 ఆకుకు పట్టు పోయి అదీ జారిపోతుంది. మీ కట్టలో విడిగా దొరికిన ఆకు ఏ సంచికదో ఇలాగే పట్టుకోవచ్చు. పదహారు పేజీల పాటల పుస్తకానికి మొత్తం 17, నడిమి పేజీలు 8-9. అట్టను పేజీల్లో లెక్కేశారో లేదో ముందు చూసుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. సినిమా పత్రికల్లో ఎక్కువగా పోయేది నడిమి బొమ్మే. అభిమానులు ఊడదీసి గోడకు అంటించుకున్నారు మరి! ‘నడిమి బొమ్మ లేదు’ అని రాసుకోండి, అది సిగ్గుపడాల్సిన లోపం కాదు.

పాటల పుస్తకాన్ని కథాసంగ్రహం కోసం, ‘మిగతా వెండితెరపై చూడండి’ అన్న చివరి మాట కోసం ముచ్చటగా దాచుకునేవాళ్ళు చాలామంది. దాని అసలు విలువ పాటల సాహిత్యంలో ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే (78 ఆర్‌పీఎం) పది అంగుళాల గ్రామఫోను రికార్డుకు ఒక వైపు సుమారు మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది. పాట అంతకు మించితే రెండో వైపుకు పోవాలి, లేదా చరణం తగ్గాలి. పుస్తకంలో ఉన్న చరణం రికార్డులో లేకపోవడం అందుకే తటస్థపడుతుంది. పుస్తకంలో ఉన్న పాటే సినిమాలో లేకపోవడమూ ఉంటుంది. పాత పుస్తకాల్లో పాట పక్కన పాత్ర పేరే ఉండి, నేపథ్యగాయకుల పేరు లేకపోవచ్చు. ఆ లోటు తీర్చేవి పత్రికల్లోని రికార్డుల ప్రకటనలు. రికార్డు కంపెనీ హెచ్‌ఎంవీ అయితే ‘ఎన్’, కొలంబియా అయితే ‘జీఈ’ అక్షరాలతో మొదలయ్యే నంబర్లు వాటిలో ఉంటాయి. అందుకే ప్రకటనల పేజీలు పారేయకండి.

బైండు చేయించినవాళ్ళు సరిగ్గా అదే చేశారు. బైండరు అట్టలు, ప్రకటనలు తీసేసి, పక్క కుట్టు వేసి, మూడు వైపులా కత్తిరించి ఇచ్చాడు. అలాంటి వాల్యూములను ఇప్పుడు విప్పదీయకండి, మిగిలినది కూడా పోతుంది.

తుప్పు పట్టిన పిన్నులు మాత్రం తీయాల్సిందే. గోళ్ళతోనో, పిన్నులు పీకే పరికరంతోనో లాగకండి, చుట్టూ కాగితం ఊడి వస్తుంది. పుస్తకాన్ని నడిమికి తెరిచి పెట్టండి. పిన్ను కాళ్ళు మడిచి ఉన్నది లోపలి వైపే. పాత విజిటింగ్ కార్డు ముక్కను కాలి కింద దూర్చి, దాని మీద మొద్దు చాకు మొన ఆనించి ఒక్కో కాలినీ పైకి లేపండి. రెండూ నిలువుగా నిలిచాక పుస్తకం తిప్పి, వెన్ను వైపు నుంచి పైకి తీయండి. మధ్యలో విరిగితే ఒక్కో ముక్కా వేరుగా తీయాలి. తుప్పు పొడి రాలితే బ్రష్షుతో దులపండి, చేత్తో తుడిస్తే మరక పడుతుంది. తర్వాత ఆ రంధ్రాల్లోంచే రంగు వేయని నూలుదారం లోపలి నుంచి బయటికి, పక్క రంధ్రంలోంచి మళ్ళీ లోపలికి పోనిచ్చి ముడి వేయండి. దారం బిగించకండి, బిగిస్తే పెళుసు కాగితాన్ని కత్తిలా కోస్తుంది. దారం సన్నగా ఉంటే చాలు.

చిరుగులకు సెల్లోటేపు వద్దు. కొన్నేళ్ళకు ప్లాస్టిక్ ఊడిపోయి జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు చారగా మిగిలిపోతుంది. జపనీస్ టిష్యూ అనే సన్నని మరమ్మతు కాగితం ముక్క, గోధుమ స్టార్చితో కాచిన జిగురు వాడండి: ఒక వంతు స్టార్చికి ఐదు వంతుల నీళ్ళు, సన్నసెగ మీద అరగంట కలుపుతూ కాచి, చల్లార్చి, గుడ్డలో వడకట్టాలి. వంటింటి మైదా వేస్తే అందులోని గ్లూటెన్ పురుగుకు విందు. మైదాలో మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) కలపడం బైండర్ల పాత అలవాటు. పురుగు రాదు, నిజమే. కానీ రాగి కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. లామినేషన్ మాట ఎత్తకండి, అది చేశాక వెనక్కి వెళ్ళే దారి లేదు.

దాచడానికి అటక కంటే చెడ్డ చోటు ఇంట్లో ఉండదు, పైకప్పు వేడంతా అక్కడే. ఇనప బీరువా మంచిది. బయటి గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా, నేలకు కాస్త ఎత్తులో ఉండాలి. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో చిన్న తేమమీటరు కొనండి. 65 శాతం దాటి నిలిస్తే బూజుకు పిలుపే. తేమ పీల్చే సిలికా జెల్ వాడితే రంగు మారగానే తీసి, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచి మళ్ళీ పెట్టండి. పెట్టి మరిచిపోతే అది ఉత్త రాళ్ళ సంచి. పాలిప్రొపిలీన్ కవర్లు పనికొస్తాయి, రెయిన్‌కోటు వాసన వచ్చే పీవీసీవి వద్దు. గంజి పోయేలా ఉతికిన తెల్ల మల్లుగుడ్డలో చుట్టడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ నచ్చదగ్గది. వసకొమ్ము మూట పెట్టాలనుకుంటే కాగితానికి తగలకుండా మూలన పెట్టండి.

స్కానింగుకు పాఠం ఉన్న పేజీలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, ఫొటోలకు 600. ఏ4 పేజీ రంగుల్లో కుదించకుండా దాస్తే 300 దగ్గర సుమారు 26 ఎంబీ, 600 దగ్గర 104 ఎంబీ అవుతుంది. దాన్ని బట్టి హార్డ్ డిస్కు కొనుక్కోండి. న్యూస్‌ప్రింటులో వెనక పేజీ అక్షరాలు కనబడితే పేజీ వెనక నల్లకాగితం పెట్టండి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, పేజీ అంకెల్లో ఉండాలి: 1969-07-023. ‘కొత్తది’, ‘చివరిది’ అనే పేర్లు ఆర్నెల్లకు మీకే అర్థం కావు.

స్కాన్ చేసుకోవడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. మన కాపీరైటు చట్టంలో రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. సినీకవి పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు గనుక ఆయన పాటలకు 2031 చివరిదాకా. ‘వాణి’ లాంటి ప్రభుత్వ ప్రచురణకు అచ్చయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్ళు. అందులో సంతకంతో ఉన్న వ్యాసాల సంగతి విడిగా చూసుకోవాలి.

గ్రంథాలయానికో, ఆర్కైవుకో ఇవ్వదలచుకుంటే ముందు సంచి కాదు, జాబితా పంపండి. హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, సినిమా సామగ్రికి పుణెలోని ఫిల్మ్ ఆర్కైవు: ఎవరి దగ్గర ఏ సంచికలు లేవో మీ జాబితా చూశాకే చెప్పగలరు. చెప్పకుండా బస్తాలు దింపి వెళ్తే అవి ఏ వరండాలోనో మగ్గుతాయి. తీసుకుంటామన్నాక ఉత్తరంలో మూడు విషయాలు రాయించుకోండి: యాక్సెషన్ రిజిస్టరులో (వచ్చిన పుస్తకాలు నమోదు చేసే పుస్తకంలో) ఎక్కిస్తారని, కట్టను ఒకచోటే ఉంచుతారని, వద్దనుకుంటే పారేయకుండా మీకు తిరిగి కబురు పెడతారని. ఒక పత్రిక పదేళ్ళ వరస మీ దగ్గర ఉంటే దాన్ని విడదీసి నాలుగు చోట్ల ఇవ్వకండి. రెండో ప్రతులుంటే హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు అమ్మే ఫుట్‌పాత్‌కో, విజయవాడ లెనిన్ సెంటర్‌కో పంపవచ్చు, వాటి కోసం వెతికేవాళ్ళు అక్కడికి వస్తారు.

పంపేటప్పుడు పురికొసతో కట్టకండి, అంచులు తెగుతాయి. అదే సైజు అట్టముక్కలు పైనా కిందా పెట్టి, వెడల్పు నాడాతో కట్టండి. సగం కట్ట వెన్ను ఎడమకు, సగం కుడికి పేర్చితే కట్ట ఒరగదు. ఒక్కో పెట్టె పది కిలోలు మించనివ్వకండి. ఏ పెట్టెలో ఏ సంపుటం నుంచి ఏ సంపుటం దాకా ఉందో పైన ఒక చీటీ అంటించి, లోపల ఇంకొకటి వేయండి. పైది లారీలో ఊడిపోతుంది.