కంచె మీది జుమికి పండు: గుర్తుపట్టడం, కోయడం, తినడం ఎలా?

వానలు పడ్డాక తిరుపతి శివార్లలోని ఖాళీ ప్లాట్లు, చిత్తూరు వైపు మామిడి తోటల కంచెలు ఒకసారి చూడండి. తెల్ల జుమికి తీగ ఎక్కడో ఒకచోట అల్లుకుని ఉంటుంది. దీని సొంతూరు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. బజారులో దొరికే ప్యాషన్ ఫ్రూట్‌కి దగ్గర చుట్టం.

ముందు తీగను గుర్తుపట్టాలి. ఆకుకి మూడు మొనలు, ఒళ్లంతా నూగు, నలిపితే ఘాటు వాసన. తెల్లని పువ్వు, మధ్యలో ఊదా రంగు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది కాబట్టి ఉదయమే వెళ్లండి. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు మాత్రం కాయ చుట్టూ ఉండే వల. సన్నని ఆకుపచ్చ పోగులు కాయను చుట్టేసి ఉంటాయి. వాటి కొనల్లో జిగురు బొట్లు మెరుస్తుంటాయి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటాయి. చిన్న చిన్న పురుగులు అందులో అతుక్కుపోయి కనిపిస్తాయి. కాయకు అదే కాపలా. ఈ వల లేకపోతే అది వేరే కాయ, ముట్టుకోకండి.

తర్వాత రంగు. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు. పచ్చి కాయల్లో, ఆకుల్లో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. పిల్లలు వెంట ఉంటే ఈ మాట ముందే గట్టిగా చెప్పండి. బాగా పండినది పసుపు, నారింజ కలిసిన రంగులో మెత్తగా ఉంటుంది, కాస్త తాకితే చేతిలోకి వచ్చేస్తుంది. ఏ మూల పచ్చదనం కనిపించినా తీగకే వదిలేయండి.

మురుగు కాలువ పక్కన, కలుపు మందు కొట్టిన గట్ల మీద కోయొద్దు. శేషాచలం రక్షిత అడవిలో అయితే చూసి ఆనందించండి, చాలు.

ఇంటికొచ్చాక వల తీసేసి పండ్లు కడగండి. తొక్కను గోటితో చీల్చి లోపలి గుజ్జు మాత్రమే తినండి, తీపిలో చిరుపులుపు కలిసి బాగుంటుంది. నల్లటి గింజలుంటాయి, వాటిని ఉమ్మేయొచ్చు. మొదటిసారి ఒకటి రెండు పండ్లతో ఆపండి. ఎక్కువ దొరికితే గుజ్జు వడకట్టి, చల్లటి నీళ్లు, బెల్లం కలిపి షర్బత్ చేసుకోవచ్చు. పండు చిన్నది, గుజ్జు తక్కువ, కాబట్టి గ్లాసుకి చాలానే పడతాయి.

ఆకుల మీద ముళ్ల గొంగళిపురుగులు కనిపిస్తే చంపకండి. టానీ కోస్టర్ అనే నారింజ రంగు సీతాకోకచిలుకకు ఈ ఆకులే పురుగు దశలో తిండి. గింజలు తెచ్చి పెరట్లో నాటడం మాత్రం నేను వద్దంటాను. పక్క మొక్కల మీదికి పాకి వాటిని కప్పేస్తుంది, పిట్టలు తిన్న పండ్ల గింజలు ఊరంతా మొలుస్తాయి.