నారోబోట్‌లో కుక్కతో నదీ ప్రయాణం

ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే సన్నని, పొడవాటి పడవే నారోబోట్. దాని వెడల్పు 7 అడుగుల లోపే. క్యాబిన్ పక్కన నడిచే అంచు పాదం పట్టేంతే ఉంటుంది. కుక్కను అటు పోనివ్వకండి.

లైఫ్ జాకెట్‌కు వీపు మీద గట్టి పిడి ఉండాలి, నీళ్లలోంచి లేపేది దాంతోనే. పొట్ట కింది బెల్టులో రెండు వేళ్లు దూరితే చాలు. అంతకన్నా వదులైతే, లాగినప్పుడు కుక్క జారిపోయి జాకెట్టొక్కటే చేతికొస్తుంది! ముందే ఒడ్డున తొడిగి, పిడి పట్టుకుని ఒకసారి లేపి చూడండి.

కుక్క నీళ్లలో పడితే వెంటనే గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. కంగారులో రివర్స్ వేశారో, ప్రొపెల్లర్ మళ్లీ తిరిగి కుక్కకు తగలొచ్చు. పడవ వెనుక భాగాన్ని కుక్కకు దూరంగా ఉంచి, పక్కనుంచి అందుకోండి.

లాక్‌లో (గేట్లు మూసి, నీటిమట్టం పెంచో తగ్గించో పడవను పైకో కిందికో చేర్చే తొట్టిలో) కుక్కను పడవకు కట్టేయొద్దు. నీటిమట్టం మారేటప్పుడు పడవ కుదుపుకు అది అంచు దాటి పడితే తాడు మెడకు ఉరవుతుంది. క్యాబిన్‌లో పెట్టి తలుపేయడమే మేలు.

కాలువల్లో వేగం గంటకు 4 మైళ్లు దాటకూడదు, కాబట్టి గట్టు వెంట నడిపించినా కుక్క వెనకబడదు. నదిలో మాత్రం లంగరు సిద్ధంగా ఉండాలి. థేమ్స్ లాక్‌ల దగ్గర ప్రవాహం ఉధృతమని ఎర్ర బోర్డు కనిపిస్తే పడవ కట్టేసి ఆగండి.

వేసవిలో నీటిమీద పచ్చని తెట్టు కడితే కుక్కను తాగనివ్వకండి, దిగనివ్వకండి. కొన్ని రకాల నాచు విషం ప్రాణం తీస్తుంది.