స్కూల్ షూస్ కొనేముందు ఒక్కసారి వంచి చూడండి
జూన్ 12న బడులు తెరుస్తారంటే ముందు వారమంతా కడప వైవీ స్ట్రీట్‌లో కాలు పెట్టడానికి సందుండదు. ఆ రద్దీలో షాపాయన ఏది చేతికిస్తే అది తెచ్చుకోవడమే అవుతుంది. వీలైతే మే చివర్లోనే, అదీ సాయంత్రం పూట, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పటి కొలతే సరైనది. స్కూలుకు వేసుకునే సాక్స్ తొడిగే చూడాలి.

షూ చేతిలోకి తీసుకుని వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. నట్టనడుమ అట్టలా మడతపడితే వద్దు. తర్వాత సోల్ అంచు చూడండి, చుట్టూ కుట్టు ఉందా, ఒట్టి గమ్మేనా అని. మన ఎండలకు గమ్ము మెత్తబడి బొటనవేలి దగ్గర నోరు తెరుస్తుంది. కొన్నిటికి కుట్టులా కనిపించే అచ్చు మాత్రమే ఉంటుంది, గోటితో గీరితే దారం ఉందో లేదో తెలిసిపోతుంది. గమ్ముదే నచ్చితే, వాడకముందే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర చుట్టూ కుట్టు వేయించేయండి.

"వచ్చే ఏడాదికీ వస్తాయిలే" అని రెండు నంబర్లు పెద్దవి తీసుకోకండి. మడమ జారి బొబ్బలొస్తాయి, ముందు భాగం నేలకు రాసుకుని తొందరగా అరుగుతుంది. నిలబడినప్పుడు వేళ్ల ముందు మన బొటనవేలి వెడల్పంత ఖాళీ చాలు. చిన్నపిల్లలకు ఎలాగూ ఏడాది తిరిగేసరికి సైజు మారిపోతుంది, మరీ ఖరీదైనవి దండగనే నేనంటాను.

బిల్లు పారేయకండి. మొదట ఇంట్లో బండల మీదే నడిపించండి. సోల్‌కు మట్టి అంటిందంటే మార్చి ఇవ్వరు.