వరిగడ్డి, పుట్టగొడుగు విత్తనంతో లాంప్‌షేడ్ చేయడం ఎలా?

మైసీలియం (పుట్టగొడుగు వేళ్లలా అల్లుకునే తెల్లటి పోగులు) షేడ్ కుళ్లిపోయిందంటే అందరూ ముందు తిట్టేది విత్తనాన్ని. నూటికి తొంభై పాళ్లు తప్పు గడ్డిలో మిగిలిపోయిన నీళ్లది.

కావలసినవి: అరకిలో ఎండు వరిగడ్డి (వానకు తడిసి నల్లబడినది వద్దు), 130 గ్రాముల ఆయిస్టర్ పుట్టగొడుగు విత్తనం, రెండు స్పూన్ల గోధుమపిండి, ఒకదాంట్లో ఒకటి పెడితే మధ్యలో అంగుళం సందు మిగిలే రెండు ప్లాస్టిక్ గిన్నెలు (ఇవే మన అచ్చు), పాలిథిన్ సంచి, సర్జికల్ స్పిరిట్. విత్తనం జొన్నగింజల మీద పెంచినదే కొనండి. ప్యాకెట్‌లో ఆకుపచ్చ మచ్చ ఒక్కటి కనబడినా వెనక్కి ఇచ్చేయండి. కాలం విషయానికొస్తే మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే. మే నెలలో మొదలుపెట్టి ఫ్యాన్ కింద పెట్టినా లాభం లేదు.

గడ్డిని ఒకటి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. పొడుగ్గా వదిలేస్తే షేడ్ అంచులు చీపురులా లేస్తాయి. రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, 70–80 డిగ్రీల వేడినీళ్లలో గంటన్నర ముంచి ఉంచాలి. పైన బరువు పెట్టకపోతే గడ్డి తేలిపోతుంది. పుట్టగొడుగుల సాగు శిక్షణల్లో బావిస్టిన్ (బూజు మందు), ఫార్మాలిన్ (క్రిములను చంపే రసాయనం) కలిపిన నీళ్లలో నానబెట్టడం నేర్పిస్తారు. టన్నుల లెక్కన గడ్డి వాడేవాళ్లకు వేడినీళ్లు కాచడం భారం కాబట్టి అది వాళ్లకు సరే. పడగ్గదిలో పెట్టుకునే వస్తువుకి ఆ మందులు దేనికి?

ఇక అసలు పని. వేడి గడ్డిని జల్లెడలోకి ఒంపి, స్పిరిట్‌తో తుడిచిన షీట్ మీద పలచగా పరవండి. గంటకోసారి తిరగేయండి. పిడికెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల సందుల్లో చెమ్మ మెరవాలి, చుక్క మాత్రం రాలకూడదు. చెయ్యి తెరిచాక ముద్ద విడిపోతే మరీ ఆరినట్టు.

చేతి లెక్క మీద నమ్మకం లేకపోతే తూకం వేయండి. అరకిలో ఎండుగడ్డి ఈ దశలో సుమారు 1.3 కిలోలు తూగాలి. 1.6 ఉంటే విత్తనం జోలికి వెళ్లొద్దు, ఇంకా ఆరనివ్వండి. ఎక్కువైన నీళ్లు సంచి అడుగుకు దిగుతాయి. అక్కడికి గాలి ఆడక బ్యాక్టీరియా పెరుగుతుంది, పులిసిన వాసన వస్తుంది. పైన తెల్లగా అల్లుకుంటున్నా అడుగు గోధుమరంగులోనే ఉండిపోతుంది. అలాంటిది అచ్చులో పోస్తే సగం షేడే గట్టిపడుతుంది.

తొందరపడి గోరువెచ్చగా ఉండగానే విత్తనం కలిపేవాళ్లూ ఉన్నారు. గడ్డి పూర్తిగా చల్లారాలి. పైన చల్లగా అనిపిస్తే చాలదు, కుప్ప మధ్యలో చెయ్యి పెట్టి చూడండి.

విత్తనం కలిపి సంచిలో నింపి, మూతి కట్టి, సూదితో పదిహేను బెజ్జాలు పెట్టండి. చీకట్లో, 25 డిగ్రీల దగ్గర పదిరోజుల్లో తెల్లబడుతుంది. పచ్చబూజు పడితే గిల్లి పారేసి మిగతాది వాడుకుందామనుకోవద్దు, సంచితో సహా బయట పారేయండి.

తెల్లబడ్డ గడ్డిని చిదిపి, పొడిగా వేయించి చల్లార్చిన గోధుమపిండి కలిపి, గిన్నెల సందులో నొక్కి నింపండి. హోల్డర్ రంధ్రం కోసం పైపు ముక్క ఇప్పుడే నిలబెట్టాలి. బెజ్జాలు పెట్టిన కవర్ కప్పి అయిదు రోజులు ఆగండి. తర్వాత అచ్చు తీసి, వదులు సంచిలో ఇంకో రెండు రోజులు ఉంచితే పైన తెల్లటి తోలు కడుతుంది. చిన్న మొగ్గలు కనిపిస్తే ఆశపడి పెంచకండి. వాటి బీజరేణువులు ఉబ్బసం ఉన్నవాళ్లకు పడవు.

ఫ్యాన్ గాలికి ఒకరోజు ఆర్చి, ఒవెన్‌లో 80–90 డిగ్రీల దగ్గర, గంట తేడాతో తూచిన రెండు తూకాలూ ఒకటయ్యేదాకా ఉంచండి. ఒట్టి ఎండ చాలదు. లోపల ప్రాణం మిగిలి, వానాకాలం తేమకు మళ్లీ మొలకెత్తుతుంది. రంగు వేయకండి. బల్బ్ 5 వాట్ల ఎల్ఈడీనే, అదీ షేడ్‌కి తగలకుండా.