ఇంకా దారి పక్క ఊళ్లో బస చేయడం ఎలా?

ఈ ‘ఇంకా’ మనం మాటకు ముందొకసారి, వెనకొకసారి వాడే ఇంకా కాదు. స్పెయిన్ వాళ్లు రాకముందు ఆండీస్ కొండలను ఏలినవారి పేరది. వాళ్లు వేసిన రహదారులన్నిటినీ కలిపి ఖపాక్ న్యాన్ అంటారు. 30,000 కిలోమీటర్లకు పైగా, ఇప్పటి ఆరు దేశాల్లో పరచుకున్న ఈ దారులు 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. యాత్రికులు మాత్రం ఇంకాల పాత నగరం మాచు పిచ్చుకు వెళ్లే చిన్న ముక్క మీదే ఎగబడుతుంటారు. మీరు ఖర్చు పెట్టే డబ్బు దారి పక్క ఊళ్లకు చేరాలంటే మరోవైపు నడవాలి.

1. ఊరిని ఎంచుకోండి. పెరూలోని కుస్కో నుంచి సికువాని బస్సెక్కితే దారిలో రక్చి వస్తుంది. కుమ్మరుల ఊరు. విరకోచ దేవుడి గుడి గోడ, గుండ్రటి ధాన్యపు కొట్లు, ఇంకా దారి అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. కొన్ని కుటుంబాలు అతిథులకు తమ ఇంట్లోనే గది ఇస్తాయి.

2. మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్లండి. వానలుండవు, రాత్రి చలి మాత్రం ఎముకలు కొరుకుతుంది.

3. డబ్బు కట్టేముందు అడగండి. గది అద్దెలో ఇంటివారికి ఎంత ముడుతుంది? అతిథులను ఇళ్లకు వంతులవారీగా పంపుతారా? నడక ఉంటే సామాను మోసే మనిషి మీద ఎన్ని కిలోలు వేస్తారు? నీళ్లు నమిలే ఏజెంటును వదిలేయండి.

4. కుస్కోలో రెండు రోజులు ఆగండి. అది 3,400 మీటర్ల ఎత్తు. దిగగానే నడక మొదలుపెడితే తలనొప్పి, వాంతులు తప్పకపోవచ్చు. అక్కడ కోకా ఆకు టీ ఇస్తారు. తాగండి కానీ ఆకులు సంచిలో వేసుకుని రాకండి. భారత్‌లోనూ అమెరికాలోనూ నిషేధం.

5. ఇంట్లో మసలుకోవడం. ‘అల్లిల్యాంచు’ అని పలకరించండి, అక్కడి క్వెచువా భాషలో బాగున్నారా అని అర్థం. క్వినోవా సూపు, రకరకాల బంగాళాదుంపలు పెడతారు. శాకాహారులైతే ముందే చెప్పండి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, కోడి, చేప కూడా వద్దని విడిగా చెప్పాలి. పెరూ డబ్బు సోల్‌లు చిల్లరగా దగ్గరుంచుకోండి.

6. జూన్‌లో వెళ్తే కెస్వచాకా వంతెన చూడకుండా రావద్దు. రక్చి నుంచి కుస్కో వైపు వెనక్కి వచ్చి, కొంబపాట దగ్గర పెద్దరోడ్డు వదిలి కొండల్లోకి వెళ్లాలి. అపురిమాక్ నది మీద సుమారు 28 మీటర్ల వంతెన, మొత్తం గడ్డితో అల్లినదే. ఏటా నాలుగు ఊళ్లవారు కలిసి పాతదాన్ని తెంపి నదిలోకి వదిలేసి కొత్తది కడతారు. గడ్డిని నానబెట్టి, రాళ్లతో దంచి, అరచేతుల మధ్య సన్నని తాళ్లుగా పేనుతారు. ఆ తాళ్లన్నీ కలిపి మెలిపెడితే లావైనవి, వాటిని జడలా అల్లితే మోకులు. నాలుగు మోకులు అడుగున, రెండు చేతికి ఆసరాగా. కరోనా రోజుల్లో కొత్తది కట్టకపోవడంతో 2021లో పాత వంతెన కూలిపోయింది. అదే ఏడాది మళ్లీ కట్టారు.

ఏటా వంతెన కట్టే పని మూడు రోజులు, నాలుగో రోజు ఆటపాటలు. తిరుగు టికెట్టు ఆ మర్నాటికి తీసుకోండి.